చాలని చెప్పే హార్మోన్

ఇన్హిబిన్ అండాశయంలో పుట్టి, రక్తంలో కలిసి, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని చేరే హార్మోన్. అక్కడ అది చెప్పే మాట ఒక్కటే: ఇక చాలు. చాలనేది ఎఫ్.ఎస్.హెచ్. అనే మరో హార్మోన్ గురించి. పిట్యూటరీ వదిలే ఎఫ్.ఎస్.హెచ్. అండాశయంలోని అండపుటికలకు మేత లాంటిది. ప్రతి నెలసరి మొదట్లో కొన్ని చిన్న పుటికలు ఈ మేత మీద ఎదగడం మొదలుపెడతాయి. ఒక్కో పుటికలో అండం చుట్టూ గ్రాన్యులోసా కణాలు పొరలుగా ఉంటాయి. పుటిక పెరిగేకొద్దీ ఆ కణాలు ఇన్హిబిన్‌ను, దాంతోపాటు ఈస్ట్రోజెన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఆ కబురు అందిన పిట్యూటరీ ఎఫ్.ఎస్.హెచ్.ను తగ్గిస్తుంది. మేత తగ్గేసరికి అన్నిటికన్నా ముందు ఎదిగిన ఒక్క పుటిక తట్టుకుని నిలుస్తుంది, తక్కినవి వాడిపోతాయి. మనుషుల్లో సాధారణంగా ఒక కాన్పుకు ఒక్క బిడ్డే పుట్టడం వెనక ఈ పొదుపు ఉంది.

ఈ పొదుపు తప్పితే ఏమవుతుందో గొర్రెల మీద చూశారు. గొర్రెకు ఇన్హిబిన్‌కు వ్యతిరేకంగా టీకా వేస్తే, దాని ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఇన్హిబిన్‌ను దారిలోనే పట్టేస్తాయి. చాలనే మాట పిట్యూటరీకి చేరదు. ఒక ఈతకు ఒక్క అండం వదిలే గొర్రె రెండు, మూడు అండాలు వదులుతుంది. మందలు పెంచేవారికి కవల పిల్లలంటే ఆదాయం కాబట్టి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పరిశోధకులు ఈ దారిలో చాలా శ్రమపడ్డారు.

మగవారిలోనూ ఇన్హిబిన్ ఉంది. వృషణాల్లో వీర్యకణాలను సాకే సెర్టోలి కణాలు దీన్ని వదులుతాయి. అసలు ఈ హార్మోన్ ఉనికి మొదట తెలిసింది అక్కడే. ఎద్దు వృషణాల నుంచి తీసిన, నీటిలో కరిగే ఒక పదార్థం పిట్యూటరీని అదుపు చేస్తోందని 1932లో మెకల్లా అనే శాస్త్రవేత్త గమనించి దానికి ఇన్హిబిన్ అని పేరు పెట్టాడు. పేరు 1932లో వచ్చినా పదార్థం శుద్ధంగా చేతికి చిక్కింది మాత్రం 1985లో. యాభైమూడేళ్లపాటు అది ఉందన్నవారూ, లేదన్నవారూ వాదించుకుంటూనే ఉన్నారు. టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్ లాంటి స్టెరాయిడ్లు అప్పటి రసాయనశాస్త్రానికి త్వరగానే లొంగాయి. ఇన్హిబిన్ ప్రొటీన్, అదీ అతి తక్కువ మోతాదులో ఉండే ప్రొటీన్. ముంబయి పరేల్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ రీసెర్చ్ ఇన్ రిప్రొడక్షన్‌లో అనిల్ షేత్ బృందం మనిషి వీర్యద్రవం నుంచి దీన్ని పట్టుకోవాలని ఏళ్ల తరబడి పనిచేసింది. వారికి దొరికిన ప్రొటీన్ అసలు ఇన్హిబిన్ కాదనీ, ప్రొస్టేట్ గ్రంథిలో తయారయ్యే వేరే ప్రొటీన్ అనీ తర్వాత తేలింది. శాస్త్రంలో ఇలాంటి శ్రమకు పేరు రాదు. కానీ ఏది కాదో తేలడం కూడా దారిలో ఒక మజిలీయే. చివరికి మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం వారు కబేళాల నుంచి తెచ్చిన ఆవుల అండాశయాల్లోని పుటికల ద్రవాన్ని వడపోసి, 1985లో ఇన్హిబిన్‌ను శుద్ధి చేశారు. అదే ఏడాది అమెరికా బృందాలు పంది అండపుటికల ద్రవం నుంచి సాధించాయి.

చేతికి చిక్కాక దాని కట్టుబడి తెలిసింది. ఇన్హిబిన్ రెండు ముక్కల జంట. ఒక ముక్క పేరు ఆల్ఫా, అది ఎప్పుడూ ఒకటే. రెండో ముక్క బీటా, అందులో ఎ, బి అని రెండు రకాలు. ఆల్ఫాతో బీటా-ఎ కలిస్తే ఇన్హిబిన్ ఎ, బీటా-బి కలిస్తే ఇన్హిబిన్ బి. ఆల్ఫాను పక్కనపెట్టి రెండు బీటా ముక్కలే జతకడితే యాక్టివిన్ అవుతుంది. అది సరిగ్గా ఎదురు పని చేస్తుంది, ఎఫ్.ఎస్.హెచ్.ను పెంచుతుంది. ఆపే హార్మోన్, పురికొల్పే హార్మోన్ ఒకే ముక్కలతో తయారవుతున్నాయని 1986లో తెలిసినప్పుడు ఈ రంగంలోని వారందరూ ఆశ్చర్యపోయారు.

కొలిచే పద్ధతి మాత్రం అప్పటికీ చిక్కుల్లోనే ఉండేది. తొలి రక్తపరీక్షలు ఆల్ఫా ముక్కను చూసి లెక్క కట్టేవి. రక్తంలో జంట కట్టని ఒంటరి ఆల్ఫా ముక్కలు చాలా తిరుగుతుంటాయి. పరీక్ష వాటిని కూడా ఇన్హిబిన్ ఖాతాలో వేసేది. ఎ ఎంతో, బి ఎంతో తెలిసేది కాదు. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన నైజెల్ గ్రూమ్ 1990ల మధ్యలో ఈ ముడి విప్పాడు. ఒక యాంటీబాడీ బీటా ముక్కను పట్టుకుంటుంది. సంకేతాన్నిచ్చే రెండోది ఆల్ఫా ముక్కకు అతుక్కుంటుంది. రెండూ ఒకే అణువు మీద కూర్చుంటేనే సంకేతం లెక్కలోకి వస్తుంది. ఒంటరి ముక్కలు కడిగినప్పుడు కొట్టుకుపోతాయి. గ్రూమ్ చేతిలో ఉన్న బీటా-ఎ యాంటీబాడీకి ఒక విచిత్రమైన పట్టుదల ఉండేది: ప్రొటీన్‌లోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఆక్సీకరణ చెంది ఉంటేనే అది గుర్తుపట్టేది. అందుకని ఆయన సీరంలో ముందుగా కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపాడు. గాయాలు కడగడానికి వాడే ఆ మందే ఇక్కడ పరీక్షకు తాళంచెవి అయింది. 1994లో ఇన్హిబిన్ ఎ, 1996లో ఇన్హిబిన్ బి విడివిడిగా కొలవడం సాధ్యమైంది. ఈనాడు రిపోర్టు మీద కనిపించే అంకె వెనక ఈ పని ఉంది.

విడిగా కొలవగానే రెండింటి నడక వేరని బయటపడింది. ఇన్హిబిన్ బి చిన్న పుటికలది. నెలసరి మొదటి రోజుల్లో పెరిగి తర్వాత తగ్గుతుంది. ఇన్హిబిన్ ఎ ఎదిగిన పుటికది. అండం విడుదలయ్యే వేళకు పెరిగి, ఆ తర్వాత పుటిక మిగిల్చిన పచ్చని ముద్ద, అంటే కార్పస్ లూటియం, పనిచేసినన్ని రోజులూ నిలబడి, మళ్లీ నెలసరికి ముందు పడిపోతుంది. నెలసరి పూర్తిగా ఆగిపోయిన స్త్రీలో రెండూ దాదాపు కనిపించవు. అందువల్ల ఏ రోజున తీసిన రక్తమో తెలియకుండా ఇన్హిబిన్ అంకెను చదవడం, పంచాంగం లేకుండా తిథి చెప్పడం లాంటిది.

గర్భం వస్తే ఈ హార్మోన్ యజమాని మారుతుంది. మొదటి వారాల తర్వాత ఇన్హిబిన్ ఎ ప్రధానంగా మాయ నుంచి వస్తుంది. ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఒకసారి శిఖరానికి చేరి, పదిహేడో వారం దగ్గర పల్లానికి దిగి, ఆపైన కాన్పు దాకా మళ్లీ పెరుగుతూ పోతుంది. ఈ పల్లం సంగతి గుర్తుంచుకోదగ్గది. తర్వాత పనికొస్తుంది.

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను మోస్తున్న తల్లుల రక్తంలో ఇన్హిబిన్ ఎక్కువగా ఉంటుందని 1992లో మొదటి సూచన వచ్చింది. 1996లో స్కాట్లండ్ బృందం గ్రూమ్ పద్ధతితో ఇన్హిబిన్ ఎను కొలిచి దాన్ని ధ్రువపరిచింది. డౌన్ సిండ్రోమ్‌లో ఇరవై ఒకటో క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటుంది. 1866లో లాంగ్‌డన్ డౌన్ ఈ పిల్లల లక్షణాలను వర్ణించాడు. కారణం క్రోమోజోమ్ అని 1959లో తెలిసింది. అలాంటి గర్భంలో మాయ ఎదుగుదల కూడా మందగిస్తుంది, అందుకే అది తన వయసుకన్నా చిన్న మాయలా హార్మోన్లు వదులుతుందని ఒక వివరణ ఉంది. సగటున ఇన్హిబిన్ ఎ రెండింతలు కనిపిస్తుంది. తెలుగు నేల మీద ఒక మాట ఇక్కడే చెప్పాలి: మేనరికం వల్ల డౌన్ సిండ్రోమ్ రాదు. మేనరికంతో పెరిగే జబ్బులు వేరు, అవి తల్లిదండ్రులిద్దరి నుంచి ఒకే లోపమున్న జన్యువు రావడం వల్ల వచ్చేవి. అదనపు క్రోమోజోమ్ ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు. అది తల్లి వయసుతో పెరుగుతుంది, చుట్టరికంతో కాదు.

ఇన్హిబిన్ ఎ ఒక్కటే ఈ పని చేయదు. గర్భం పదిహేను నుంచి ఇరవై వారాల మధ్య ఉన్నప్పుడు ఒకే సీరంలో నాలుగు పదార్థాలు కొలుస్తారు. దీన్నే డాక్టర్ చీటీల మీద క్వాడ్రపుల్ మార్కర్ అంటారు. బిడ్డ కాలేయం నుంచి వచ్చే ఏ.ఎఫ్.పి., బిడ్డ, మాయ కలిసి తయారుచేసే ఈస్ట్రియాల్, మాయ నుంచి వచ్చే హెచ్.సి.జి., ఇన్హిబిన్ ఎ. డౌన్ సిండ్రోమ్‌లో మొదటి రెండూ తగ్గుతాయి, చివరి రెండూ పెరుగుతాయి. ఇన్హిబిన్ చేరక ముందు మూడింటితోనే ట్రిపుల్ మార్కర్ ఉండేది. అది వంద డౌన్ గర్భాల్లో డెబ్బై దాకా పట్టేది. ఇన్హిబిన్ చేరాక ఎనభై దాకా వచ్చింది. మొదటి మూడు నెలల్లోనే, పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య, బిడ్డ మెడ వెనక నీటి మందాన్ని స్కాన్‌లో చూసి డబుల్ మార్కర్ అనే రక్తపరీక్షతో కలిపి లెక్కిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. తల్లి రక్తంలో తేలే మాయ డీఎన్‌ఏను చదివే ఎన్.ఐ.పి.టి. అన్నిటికన్నా నిశితమైంది, అన్నిటికన్నా ఖరీదైంది కూడా. అయినా క్వాడ్రపుల్ మార్కర్‌కు చోటు పోలేదు. కారణం సులువు: మన పల్లెల నుంచి చాలామంది మొదటిసారి పెద్ద డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి నాలుగో నెల దాటుతుంది.

జహీరాబాద్ సంగతే చూస్తే ఇది తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి పుణె వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, రాజధానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న పట్టణం అది. 2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. చుట్టూ చెరకు, అల్లం, జొన్న, కంది పండే పల్లెలు. ఇళ్లలో తెలుగు, ఉర్దూ, కన్నడం, కొంత మరాఠీ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణికి రక్తం శాతం, రక్తపు గ్రూపు, షుగర్, బీపీ, మూత్రం, హెచ్.ఐ.వి. లాంటి పరీక్షలు మామూలుగా చేస్తారు. క్వాడ్రపుల్ మార్కర్ ఆ తప్పనిసరి జాబితాలో లేదు. డాక్టర్ రాస్తే డబ్బు పెట్టి చేయించుకోవాలి. ఇలాంటి ప్రత్యేక పరీక్షలకు చిన్న పట్టణాల్లో రక్తం తీయడమే జరుగుతుంది. కొలిచే యంత్రం నగరంలోని పెద్ద ల్యాబ్‌లో ఉంటుంది.

మోచేతి మడతలో నుంచి తీసిన అయిదు మిల్లీలీటర్ల రక్తం పసుపు మూత ట్యూబులోకి వెళుతుంది. అరగంట గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్రకణాలు జెల్ కిందికి దిగి, పైన లేత పసుపు సీరం తేరుకుంటుంది. అది ఐస్ ప్యాకుల మధ్య థర్మాకోల్ డబ్బాలో కూర్చుని రహదారి ఎక్కుతుంది. ఎండాకాలంలో ఈ డబ్బా బాగోగులు చాలా ముఖ్యం. సీరం వేడెక్కితే హెచ్.సి.జి. అణువు రెండుగా విడిపోయి బీటా ముక్కలు పెరుగుతాయి. డబుల్ మార్కర్‌లో కొలిచేవాటిలో ఆ విడి బీటా ఒకటి కాబట్టి, కేవలం ఎండ దెబ్బకు లేని ప్రమాదం రిపోర్టులోకి రావచ్చు. ఇన్హిబిన్ ఎ కాస్త గట్టిదే. అయినా ట్యూబును బస్సు టాపు మీద పెట్టి పంపే వస్తువుగా చూడకూడదు.

ట్యూబుతోపాటు ఒక ఫారం వెళుతుంది. యంత్రం కన్నా ఆ ఫారమే ఎక్కువ నిర్ణయిస్తుందంటే అతిశయోక్తి కాదు. ల్యాబ్ ఇన్హిబిన్ ఎను పికోగ్రాముల్లో కొలిచినా, లెక్కకు వాడేది ఆ అంకెను కాదు. అదే వారం గర్భం ఉన్న వందలమంది మామూలు గర్భిణుల నడిమి అంకె ఎంతో చూసి, ఈమెది దానికి ఎన్ని రెట్లో తీస్తారు. రిపోర్టులో ఎంఓఎం అని ఉండేది అదే. ఒకటి అంటే సరిగ్గా నడిమి అంకె. రెండు అంటే రెట్టింపు. అంటే గర్భం ఎన్ని వారాలో తప్పుగా రాస్తే, కొలత ఎంత కచ్చితంగా ఉన్నా ఫలితం తప్పే.

"చివరి ముట్టు ఎప్పుడయిందమ్మా?" అని నర్సు అడిగితే జహీరాబాద్ పల్లెల్లో తేదీ బదులు పండుగ జవాబుగా రావచ్చు: "ఎల్లమావాస్య అయినంక నాలుగొద్దులకు." మార్గశిర బహుళ అమావాస్య నాడు పొలంలోనే వంటలు పంచుకుని తినే పండుగ అది. ఈ సరిహద్దు పల్లెలకు ప్రత్యేకం. ఈ జవాబు చాలా మంచి జవాబు. ఆ ఏడు ఎల్లమావాస్య 2024 డిసెంబరు 30 అయితే నాలుగొద్దులకంటే 2025 జనవరి 3. అక్కడి నుంచి 119 రోజులు, మే 2 నాటికి సరిగ్గా పదిహేడు వారాలు. చిక్కు తెచ్చేది "అయిదో నెల పడ్డది" అనే జవాబు. అమావాస్య నుంచి అమావాస్యకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు, క్యాలెండరు నెలకు ముప్పై, ముప్పై ఒకటి, డాక్టర్ లెక్కలో వారాలు. అయిదో నెల అన్న మాటలో పదహారో వారమూ ఉంది, ఇరవయ్యో వారమూ ఉంది.

తేదీ తప్పితే ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. ఒకామెకు నెలసరి నలభై, నలభై అయిదు రోజులకు వచ్చే అలవాటు. చివరి ముట్టు తేదీ ప్రకారం ఫారం మీద పదిహేడు వారాలు రాశారు, కడుపులో బిడ్డ వయసు నిజానికి పదిహేను వారాలే. ఏ.ఎఫ్.పి. వారానికి సుమారు పదిహేను శాతం చొప్పున పెరిగే పదార్థం. పదిహేను వారాల అంకెను పదిహేడు వారాల కొలబద్ద మీద పెట్టేసరికి అది ఒకటికి బదులు 0.76గా కనిపిస్తుంది. ఈస్ట్రియాల్ ఇంకా జోరుగా పెరిగేది, అది ఇంకా తక్కువగా కనిపిస్తుంది. హెచ్.సి.జి. ఈ వారాల్లో తగ్గుతూ పోయేది కాబట్టి ఎక్కువగా కనిపిస్తుంది. తక్కువ, తక్కువ, ఎక్కువ: ఇది అచ్చం డౌన్ సిండ్రోమ్ పోలిక. బిడ్డ బాగానే ఉంది, తేదీ మాత్రమే తప్పు. ఇలాంటి చోట ఇన్హిబిన్ ఎ మంచి సాక్షి. పదిహేడో వారం దగ్గర అది పల్లంలో ఉంటుంది కనుక, రెండు వారాలు అటూ ఇటూ అయినా పెద్దగా కదలదు. మూడూ ఒక వైపు లాగుతూ ఇన్హిబిన్ ఒక్కటే ఒకటి దగ్గర నిలబడితే, అనుభవమున్న డాక్టర్ ముందు తేదీనే అనుమానిస్తారు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో బిడ్డ పొడవును బట్టి కట్టిన తేదీకి వారం లోపే తేడా ఉంటుంది. అది ఉంటే ముట్టు తేదీ కన్నా దాన్నే ఫారంలో రాయడం మేలు. తొలి నెలల్లో తీసిన ఒక్క స్కాన్ తర్వాతి నెలల్లో ఎంత అనవసర దుఃఖాన్ని తప్పిస్తుందో చెప్పలేం.

ఫారంలో బరువు అని ఇంకో గడి ఉంటుంది. చాలామంది నింపకుండా వదిలేసేది, లేదా అంచనాగా రాసేది అదే. మాయ వదిలే హార్మోన్ తల్లి రక్తంలో కలుస్తుంది. పెద్ద శరీరంలో పలచబడుతుంది, చిన్న శరీరంలో చిక్కగా ఉంటుంది. నలభై రెండు కిలోల కూలి పని చేసే స్త్రీ సీరాన్ని అరవై అయిదు కిలోల సగటు మీద లెక్కిస్తే ఇన్హిబిన్ ఎ ఊరికే ఎక్కువగా కనిపిస్తుంది. కవలలైతే లెక్క వేరు. ఇన్సులిన్ వాడే షుగర్ ఉన్నా, ఐవీఎఫ్ గర్భమైనా వేరు. బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవారిలో ఇన్హిబిన్ ఎ మామూలుగానే పెరిగి ఉంటుంది. ఇక వయసు. పుట్టిన తేదీ నమోదు లేనివారి ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉండటం మామూలే. లెక్క మొదలయ్యేదే తల్లి వయసుతో కాబట్టి, నాలుగైదేళ్ల తేడా ఫలితాన్ని మార్చగలదు.

ఆ లెక్క ఇలా సాగుతుంది. ఇరవై అయిదేళ్ల తల్లికి, ఏ పరీక్షా చేయకముందే, డౌన్ బిడ్డ పుట్టే అవకాశం దాదాపు 1,300లో ఒకటి. ముప్పై అయిదులో 350లో ఒకటి, నలభైలో వందలో ఒకటి. నాలుగు అంకెల పోలికను బట్టి ఈ అవకాశం ఎన్నింతలైందో చూస్తారు. ఇరవై అయిదేళ్ల ఆమె అంకెలు నాలుగింతలని చెబితే 1,300లో ఒకటి కాస్తా 325లో ఒకటి అవుతుంది. 250లో ఒకటిని గీతగా పెట్టుకున్న ల్యాబ్ ఆమెకు తక్కువ ప్రమాదమని రాస్తుంది. ముప్పై అయిదేళ్ల ఆమెకు అవే అంకెలు వస్తే 88లో ఒకటి, ఎక్కువ ప్రమాదమని వస్తుంది. రక్తం ఒకటే, తీర్పు రెండు.

ఎక్కువ ప్రమాదం అన్న ఎర్ర అక్షరాలు, అదీ ఇంగ్లీషులో, చదవడం రాని ఇంట్లోకి వచ్చినప్పుడు అది "బిడ్డ బాగాలేదు" అనే మాటగా మారిపోతుంది. ఇక్కడే అంకెలు అందరికీ అర్థం కావాలి. పదివేలమంది గర్భిణులను తీసుకుంటే పద్నాలుగు మందికి డౌన్ బిడ్డ ఉందనుకుందాం. పరీక్ష వారిలో పదకొండు మందిని పడుతుంది, ముగ్గురిని వదిలేస్తుంది. బిడ్డ బాగున్నవారిలో కూడా నూటికి అయిదుగురికి, అంటే దాదాపు అయిదు వందల మందికి ఎక్కువ ప్రమాదమని రాస్తుంది. అంటే ఆ ఎర్ర అక్షరాల రిపోర్టు అందుకున్న నలభై ఆరుగురిలో ఒక్కరి బిడ్డకే నిజంగా డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. తక్కిన నలభై అయిదుగురి బిడ్డలకు అది ఉండదు. ఇది జల్లెడ. గింజ ఏదో, రాయి ఏదో తేల్చే పని జల్లెడది కాదు.

తేల్చేది ఉమ్మనీటి పరీక్ష. స్కాన్ చూస్తూ పొట్ట మీదుగా సన్నని సూదితో కాస్త ఉమ్మనీరు తీసి, అందులో బిడ్డ కణాల క్రోమోజోములు చూస్తారు. దీనివల్ల గర్భం పోయే ప్రమాదం చాలా తక్కువ, కానీ లేకపోలేదు. కణాలను పెంచి చూడాలంటే రెండు, మూడు వారాలు పడుతుంది. కొత్త పద్ధతుల్లో ముఖ్యమైన క్రోమోజోముల సంగతి కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. హైదరాబాద్‌లో నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్ లాంటి చోట్ల జన్యు సలహా దొరుకుతుంది. 1994 నాటి గర్భస్థ పిండ పరీక్షల చట్టం ఈ పరీక్షలను రిజిస్టరైన కేంద్రాల్లోనే, లోపాలు కనుక్కోవడానికే అనుమతిస్తుంది. ఆడో మగో చెప్పడం నేరం. గర్భస్రావ చట్టంలో ఒకప్పుడు ఇరవై వారాలు దాటకూడదని ఉండేది. 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకు ఇరవై నాలుగు వారాల దాకా అనుమతించారు. బిడ్డలో తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే ఆ పరిమితీ లేదు. గర్భం ఉంచుకోవడమా మానడమా అన్నది ఆ తల్లి నిర్ణయం. డౌన్ సిండ్రోమ్ పిల్లలు నడుస్తారు, మాట్లాడతారు, బడికి వెళతారు. ఆ మాట కూడా సలహా గదిలో ఆమెకు చెప్పి తీరాలి.

బిడ్డ క్రోమోజోములు సరిగ్గానే ఉన్నా ఇన్హిబిన్ ఎ బాగా పెరిగి ఉంటే కథ అక్కడితో ముగిసిందనుకోకూడదు. మాయ వేళ్లు గర్భసంచి గోడలోకి సరిగ్గా దిగనప్పుడు కూడా ఇది పెరుగుతుంది. బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు వచ్చిన గర్భిణుల్లో ఇన్హిబిన్ ఎ చాలా ఎక్కువగా ఉందని 1997లో ఇంగ్లండ్ పరిశోధకులు ప్రచురించారు. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడే ఫిట్స్ ఈ జబ్బు ముదిరితే వచ్చేవే. అలాంటి రిపోర్టు ఉన్న తల్లికి ప్రతి రాకలోనూ బీపీ చూడటం, కాళ్ల వాపు, తలనొప్పి, కళ్లు మసకబారడం అడిగి తెలుసుకోవడం అవసరం. బీపీ పట్టీ జహీరాబాద్ పరిసరాల్లోని ఏ ఉపకేంద్రంలోనైనా ఉంటుంది. దీనికి నగరం అక్కర్లేదు.

అండాశయం ఆరోగ్యానికి వస్తే ఇన్హిబిన్ బి ముందుకొస్తుంది. చిన్న పుటికలు ఎన్ని మిగిలి ఉంటే అది అంత ఎక్కువ. వయసుతో పుటికలు తరుగుతుంటే ముందుగా ఇన్హిబిన్ బి తగ్గుతుంది, చాలనే కబురు పలచబడేసరికి ఎఫ్.ఎస్.హెచ్. పెరుగుతుంది, ఆ తర్వాత ఎప్పటికో నెలసరి తడబడుతుంది. నెలసరి మూడో రోజున ఇది మిల్లీలీటరుకు 45 పికోగ్రాముల కన్నా తక్కువ ఉన్నవారిలో ఐవీఎఫ్ ఫలితాలు మందగించాయని 1997లో ఒక అధ్యయనం చూపింది. కొన్నేళ్లు ఇదే వాడుకలో ఉంది. ఆ తర్వాత ఏ.ఎం.హెచ్. అనే మరో హార్మోన్ పరీక్ష వచ్చింది. అది నెలలో ఏ రోజు తీసినా పెద్దగా మారదు కాబట్టి ఇన్హిబిన్ బిని దాదాపు పక్కకు నెట్టేసింది. అయితే ఈ అంకెలు పిల్లలు పుడతారో లేదో చెప్పే జోస్యాలు కావు. 2017లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో, సంతానలేమి చరిత్ర లేని ముప్పై నుంచి నలభై నాలుగేళ్ల స్త్రీలు 750 మందిని గమనించారు. ఏ.ఎం.హెచ్. తక్కువ ఉన్నవారు కూడా, ఇన్హిబిన్ బి ఎంత ఉన్నవారైనా, మిగతావారిలాగే గర్భం దాల్చారు. పెళ్లయిన ఏడాదికే ఏ.ఎం.హెచ్. తక్కువని చెప్పి భయపెట్టడం ఈ సాక్ష్యం ముందు నిలవదు.

పాత మెదక్ జిల్లాకు అండాశయాల విషయంలో ఇంకో చేదు అనుభవం ఉంది. ముప్పై ఏళ్లకే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఈ పల్లెల్లో అధ్యయనాలకెక్కేంతమంది ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీసేసిన స్త్రీల శాతం తెలుగు రాష్ట్రాల్లో దేశ సగటుకు రెండింతలు దాటి, ఎనిమిది అటూఇటూగా నమోదైంది. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఇన్హిబిన్ రోజుల్లోనే మాయమవుతుంది, ఎఫ్.ఎస్.హెచ్. ఎగసిపడుతుంది, ఈస్ట్రోజెన్ పోయి ఎముకలు బోలుబారడం ముప్పైల్లోనే మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా అవి మామూలుకన్నా కొన్నేళ్లు ముందే అలసిపోతాయి. వీరికి నెలసరి అనే గడియారం లేదు కనుక అండాశయం ఎప్పుడు ఆగిందో వారికే తెలియదు. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, కీళ్లనొప్పులతో వచ్చిన అలాంటి స్త్రీని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఆపరేషన్‌లో ఏమేం తీశారు? డిశ్చార్జి కాగితం ఇంట్లో ఉంటే జవాబు దానిలో ఉంటుంది. లేకపోతే ఎఫ్.ఎస్.హెచ్., అవసరమైతే ఏ.ఎం.హెచ్. చెబుతాయి.

నెలసరి ఆగిన స్త్రీలో ఇన్హిబిన్ కనపడకపోవడమే మామూలు. ఆ నిశ్శబ్దంలో ఇన్హిబిన్ వినబడితే ఒక జబ్బును వెతకాలి. పుటికలోని గ్రాన్యులోసా కణాలే గడ్డగా మారే క్యాన్సర్ ఒకటి ఉంది. అండాశయ క్యాన్సర్లలో అది నూటికి రెండు నుంచి అయిదు. గడ్డలోని కణాలు తమ పాత అలవాటు మానవు, ఇన్హిబిన్, ఈస్ట్రోజెన్ వదులుతూనే ఉంటాయి. ఆ ఈస్ట్రోజెన్‌కు గర్భసంచి లోపొర మందమై రక్తస్రావం అవుతుంది. యాభై అయిదేళ్ల ఆమె "మళ్లీ ముట్టయింది" అని, సిగ్గుపడుతూనో సంబరపడుతూనో చెప్పినప్పుడు ఇంట్లోవారు తేలిగ్గా తీసుకుంటారు. ఆ మాటను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు. అండాశయ క్యాన్సర్ అనగానే చేయించే సీఏ-125 ఈ గడ్డలో తరచుగా మామూలుగానే వస్తుంది. ఇన్హిబిన్ దీనికి గుర్తని 1989లో నెదర్లాండ్స్ వైద్యులు చూపారు. ఎ, బి రెండూ పెరుగుతాయి, బి ఎక్కువమందిలో పెరుగుతుంది.

ఈ గడ్డ నెమ్మదైంది, ఓపిక గలది. ఆపరేషన్ అయి పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచాక కూడా తిరిగి రావచ్చు. అది స్కాన్‌లో కనిపించడానికి నెలల ముందే రక్తంలో ఇన్హిబిన్ పెరుగుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు అంకె ఎంతో, తర్వాత ఎంతకు పడిపోయిందో రాసి ఉన్న కాగితాలు జాగ్రత్తగా దాచుకోవాలి. మొదట్లో కొన్ని నెలలకొకసారి, తర్వాత ఏడాదికొకసారి, వీలైనంత వరకు అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో పరీక్ష సాగాలి. ల్యాబ్ మారితే అంకె మారుతుంది, గడ్డ మారకపోయినా. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చేవారి చేతిలో ప్లాస్టిక్ కవరులో మడతలు పడ్డ పాత రిపోర్టులు కనిపిస్తాయి. ఈ జబ్బు ఉన్నవారికి ఆ కవరులోని మొదటి కాగితం ఇరవై ఏళ్ల తర్వాత కూడా పనికొస్తుంది.